గుమ్మిలోని లెక్క

జహీరాబాదు పరిసర గ్రామములలో పెండ్లి జరిగినపుడు, తాళికట్టు సందడి ముగిసి భోజనపంక్తులు లేచుచున్న వేళ, పందిరిలో ఒక మూలను చిన్న బల్ల వేసికొని ఇద్దరు మనుష్యులు కూర్చుందురు. ఒకని ముందు అట్ట వేసిన పొడుగుపాటి పుస్తకము. రెండవవాని చేత మైకు. వచ్చిన చుట్టము తన కానుకను బల్లపై ఉంచినంతనే మొదటివాడు పేరు, ఊరు, మొత్తము వ్రాసికొనును. రెండవవాడు దానిని పందిరి నాలుగు మూలలకు వినబడునట్లు చదువును. అట్లు చదువుటవలననే గదా మనము వానిని చదివింపులనుచున్నాము! బాల్యమున నాకు ఆ మైకువాని పదవియే లోకములోని పదవులన్నింటిలో గొప్పదిగా తోచెడిది. పెండ్లి ముగిసిన పిదప ఆ పుస్తకము ఇంటిలోని ఇనుపపెట్టె అడుగున చేరును. ఏండ్లు గడచి ఆ చుట్టమింట శుభకార్యము వచ్చిననాడు మఱల వెలికివచ్చి, నాడు పుచ్చుకొన్న మొత్తమెంతయో చూపును. దానికి కొంచెము చేర్చి యిచ్చుట మర్యాద.

ఈ పుస్తకమున పేరును మొత్తమును మాత్రమే కాక క్రమము కూడ భద్రమై యుండును. మేనమామ చదివింపు ముందుగా వినబడినచో, తరువాతివారి చేతులెంతవఱకు విచ్చుకొనవలెనో చాలవఱకు దానిని బట్టియే తేలిపోవును. ఎవరు ముందిచ్చిరి, ఎవరిని చూచి ఎవరిచ్చిరి, ఎవరు చివర తొందరలో వచ్చి బల్లపై పడవేసి పోయిరి అను కథయంతయు ఆ వరుసలోనే యున్నది. ఏ విద్వాంసుడును ఇనుపపెట్టెలు తెఱిపించి ఈ కథను చదువలేదు. కాని అచ్చముగా ఇట్టి పుస్తకమునే కంప్యూటరు వ్రాయ నారంభించిన నాడు, దానిని చదువుటకై పాశ్చాత్య విశ్వవిద్యాలయములలో ఒక క్రొత్త శాస్త్రశాఖయే పుట్టినది. దానిపేరు క్రౌడ్‌ఫండింగ్ పరిశోధన.

క్రౌడ్‌ఫండింగ్ అనగా ఒక కార్యమునకు వలయు ధనమును ఒక ధనికునినుండియో, బ్యాంకునుండియో గాక, అనేకులనుండి కొంచెము కొంచెముగా, అంతర్జాలముద్వారా కూర్చుకొనుట. 2006లో జెఫ్ హౌ అను రచయిత వైర్డ్ పత్రికలో క్రౌడ్‌సోర్సింగ్ అను మాటను ప్రవేశపెట్టగా, ఆ యేడే దాని చెల్లెలుగా ఈ మాటయు పుట్టెను. ఇంగ్లీషున క్రౌడనగా గుంపు. మన భాషలో గుంపునకు గౌరవము తక్కువ, సంఘమునకు ఎక్కువ. ఈ భేదము మున్ముందు మనకు పనికివచ్చును. చందా యన్న పారసీకపు మాట మనకు చిరపరిచితమే యైనను, చందాలో అడుగువాడు ఇంటికి వచ్చి గుమ్మమున నిలుచును. క్రౌడ్‌ఫండింగులో అతడు తెరపై కనబడునే గాని గుమ్మము త్రొక్కడు.

మాట క్రొత్తది గాని పని పాతది. అమెరికాలో స్వేచ్ఛాప్రతిమకు పీఠము కట్టుటకు డబ్బు చాలనపుడు, 1885లో జోసఫ్ పులిట్జర్ తన న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ప్రజలను అర్థించి, ఎంత స్వల్పమిచ్చినను దాత పేరు అచ్చువేయుదునని మాట యిచ్చెను. అయిదు మాసములలో లక్షకు మించిన జనులు లక్ష డాలర్లకు పైగా ఇచ్చిరి. వారిలో పెక్కురిచ్చినది డాలరుకంటె తక్కువ. అదియు చదివింపే, మైకునకు మాఱుగా అచ్చుయంత్రము, అంతే. మన హైదరాబాదున 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మిత్రులతో గూడి స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి, చందాదారులను కూర్చుకొని ఆ బలముతో గ్రంథములు వెలువరించినది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము మొదలుగా ఆ గ్రంథములు తెలుగువారి చేతులకు వచ్చినవి. 1976లో గుజరాతు పాడిరైతులు అయిదు లక్షలమంది తలకు రెండేసి రూపాయలు వేసికొని శ్యాం బెనెగళ్ చేత మంథన్ అను చిత్రమును తీయించిరి. 1997లో మారిలియన్ అను బ్రిటిషు వాద్యబృందము అమెరికా పర్యటనకు ధనములేక చతికిలబడగా, అభిమానులు అంతర్జాలమున తమంత తామే పూని దాదాపు 60,000 డాలర్లు ప్రోగుచేసిరి. పిమ్మట ఈ పనికే ప్రత్యేకించిన వేదికలు వచ్చినవి: 2005లో కివా, 2006లో సెల్లాబ్యాండ్, ప్రాస్పర్, 2008లో ఇండిగోగో, 2009లో కిక్‌స్టార్టర్, మనదేశమున 2010లో మిలాప్, 2012లో కెట్టో. వీనిలో కొన్ని దానమును, కొన్ని అప్పును, కొన్ని వాటాను, మఱికొన్ని ఇంకను తయారుకాని వస్తువును ముందుగా కొనుటను నడిపినవి.

ఇంతటి పాత పనిపై పరిశోధన ఇంత ఆలస్యముగా పుట్టి ఇంత వేగముగా పెరుగుటకు కారణమేమి? 2010 ప్రాంతమున ఈ విషయముపై వచ్చిన విద్యావ్యాసములను వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. దశాబ్దము తిరుగునప్పటికి అవి వేలకొలది యైనవి. వాణిజ్యశాస్త్రజ్ఞులు మొదలిడిన దానిని అర్థశాస్త్రజ్ఞులు, కంప్యూటరు పండితులు, సామాజికశాస్త్రజ్ఞులు, తుదకు వైద్యనీతిని విచారించువారును అందుకొనిరి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము 2015లో ప్రత్యామ్నాయ ధనసమీకరణమునకై ఒక కేంద్రమునే నెలకొల్పెను. వ్యాసములెన్ని వచ్చినవో లెక్కించుటయే పనిగాగల వ్యాసములును వచ్చినవి. ఒక శాస్త్రమునకు వయసు వచ్చినదనుటకు ఇంతకంటె గుర్తు లేదు. ప్రపంచమున పేదఱికమో, ఔదార్యమో ఆ పదేండ్లలో హఠాత్తుగా పెరిగినందున ఇది జరుగలేదు. పెరిగినది చిట్టా. ఏ క్షణమున ఎవరు ఎంత యిచ్చిరి, అప్పటికి తెరపై ఎంత మొత్తము కనబడుచుండెను అను సంగతి ప్రతి రూపాయకును విడిచిపెట్టకుండ వ్రాసియున్న పుస్తకము, మానవచరిత్రలో మొదటిసారిగా, పండితుల బల్లపైకి ఉచితముగా వచ్చి పడినది.

ఆ చిట్టాను చదివిన తొలివారిలో అజయ్ అగర్వాల్, క్రిస్టియన్ కటాలినీ, అవీ గోల్డ్‌ఫార్బ్ అను మువ్వురు ముఖ్యులు. క్రొత్త గాయకులు తమ సంగీతపు ఆల్బములకై అభిమానులనుండి పెట్టుబడి కూర్చుకొను సెల్లాబ్యాండ్ వేదికను వారు పరిశీలించి, 2011లో తమ ఫలితములను వెల్లడించిరి. గాయకునకును పెట్టుబడిదారునకును నడుమ సగటు దూరము దాదాపు 5,000 కిలోమీటర్లని తేలినది. దూరము చచ్చినదని పత్రికలు సంతోషించుటకు ఇది చాలును. కాని వారు అంతటితో ఆగక క్రమమును చూచిరి. మొదట వేసినవారెవరు? గాయకుని ఊరివారు, వారిలోను అతని బంధుమిత్రులు. దూరపువారు అప్పటికే తెరపై చేరియున్న మొత్తమును చూచి పిమ్మట వచ్చిరి. దగ్గఱివారు మాత్రము ఆ మొత్తమెంతయున్నను లక్ష్యపెట్టలేదు. అనగా గుంపు గుంపుగా ఎన్నడును పుట్టదు. దాని విత్తనము చుట్టఱికము. మేనమామ చదివింపు శాస్త్రసమ్మతమైనది!

అయితే వెనుకవచ్చువారు గొఱ్ఱెలవలె వచ్చుచున్నారా, ఆలోచించి వచ్చుచున్నారా? జువాన్‌జువాన్ జాంగ్, పెంగ్ ల్యూ అను పరిశోధకులు ప్రాస్పర్ వేదికలోని చిన్న అప్పుల చిట్టాతో ఈ ప్రశ్నకు 2012లో జవాబు వెదకిరి. వారి తర్కము సొగసైనది. ఒక ఋణార్థి కాగితములపై అన్నివిధముల బాగుండెననుకొందము. అతనికి పదిమంది అప్పిచ్చినచో అందు వింత లేదు, కాగితమే కారణము. కాగితముపై బలహీనుడైనవానికి పదిమంది ఇచ్చినచో, కాగితమునకు తెలియని గుణమేదో ఆ పదిమందికి తెలిసియుండవలెను. చిట్టాను చూడగా, వెనుకవచ్చినవారు ఈ భేదమును నిజముగనే పాటించుచున్నట్లు కనబడెను: బలహీనుని వెనుక చేరిన గుంపునకే వారు ఎక్కువ విలువ నిచ్చిరి. గొఱ్ఱెదాటని మనము తీసిపాఱవేయు దానిలో ఇంత వివేకముండుట నాకు ఆశ్చర్యమును, కొంత ఊఱటను కలిగించినది.

ఈ శాఖయంతటికిని మూలగ్రంథమువంటిది ఈథన్ మాలిక్ 2014లో ప్రకటించిన వ్యాసము. కిక్‌స్టార్టరులోని 48,500కు పైబడిన విన్నపములను, 23 కోట్ల డాలర్లకు మించిన వాగ్దానములను అతడు లెక్కకు తీసికొనెను. ఆ వేదికపై నియమమేమనగా, కోరిన మొత్తము గడువులోపల నిండినచో సొమ్ము చేరును, నిండనిచో ఎవరిది వారియొద్దనే యుండును. నెగ్గినవి కొద్దిపాటి మిగులుతో నెగ్గుననియు, ఓడినవి లక్ష్యమునకు చాల దూరముననే ఓడుననియు అతడు కనుగొనెను. నడిమి మెట్టు లేదు. నెగ్గినవానిలోను నాల్గింట మూడు వంతులకు మించి ఇచ్చిన మాటకంటె ఆలస్యముగా వస్తువు నందించినవి. దీనిని చదివి నవ్వుకొనని తెలుగు సంపాదకుడుండడు; సంచిక ఆలస్యమైనందుకు చందాదారులకు క్షమాపణ వ్రాయనివాడెవడు? ఇంకొక చిన్న ఫలితమున్నది: విన్నపమున అక్షరదోషమున్నచో అది నెగ్గు అవకాశము తగ్గును. ఇచ్చువానికి అడుగువాని యోగ్యత తెలియదు గనుక, శ్రద్ధగలవాడా కాడా యనుటకు అక్షరములనే గుఱుతుగా పట్టుకొనును. ఈ సంగతిని పాఠకుడు జ్ఞాపకముంచుకొనవలెను.

ఈ వ్యాసము వచ్చిన పిమ్మట కిక్‌స్టార్టరు చిట్టాపైననే మఱిన్ని వ్యాసములు, వానిపై మఱిన్ని వచ్చినవి. పరిశోధకులును ఒక గుంపే గదా! ముందెవరో వేసిన చోటనే వెనుకవారు వేయుదురు. పోగొట్టుకొన్న చోటనే వెదకుమని మన పెద్దలనుచుందురు. శాస్త్రము తఱచు చిట్టా దొరకిన చోట వెదకును. జనులు కలిసి కూర్చుకొను నిధులను జననిధులందమేని, చిట్టా లేని జననిధులు, అనగా లోకములోని జననిధులలో అధికభాగము, ఆ వెలుగునకు వెలుపల నిలిచిపోయినవి. అట్టిదొకటి జహీరాబాదులో నున్నది.

జహీరాబాదు హైదరాబాదునకు నూఱు కిలోమీటర్లకు కొంచెము పైగా, ముంబయి రహదారిపై, కర్ణాటక పొలిమేర చేరువ నున్న పట్టణము. ఒక్క బేరములోనే తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును వినబడు బజారు దానిది. చుట్టును వానను నమ్ముకొన్న మెట్టపొలములు. జొన్న, కంది, సామ, కొఱ్ఱ కలిసి పండెడి నేలలు. పట్టణము నంటియున్న పస్తాపూరునందు 1983లో పి. వి. సతీశ్ గారు మిత్రులతో గూడి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించిరి. మైసూరుప్రాంతమునుండి వచ్చిన ఆయన అంతకుముందు దూరదర్శనమునకు కార్యక్రమములు నిర్మించిన వ్యక్తి. ఊరూర ఏర్పడిన స్త్రీల సంఘములే ఆ సంస్థకు ప్రాణము. డెబ్బదియైదు గ్రామముల వఱకు వ్యాపించిన ఆ సంఘములలో సుమారు అయిదువేలమంది స్త్రీలు చేరిరి. వారిలో అధికసంఖ్యాకులు దళితులు, ఎకరమో రెండెకరములో గలవారు, చదువనేర్చినవారు తక్కువ.

1983లోనే వచ్చిన రెండురూపాయల కిలో బియ్యము పేదల పొయ్యికి ఎంత మేలు చేసెనో వేఱుగా చెప్పనక్కఱలేదు. కాని మెట్టప్రాంతమున దానికొక నీడ పడినది. దుకాణములో బియ్యము దొరకుచుండగా జొన్న నెవరు పండింతురు? ఎరువునకు, దుక్కికి డబ్బులేని చిన్నరైతు తన చేనిని బీడువదలి కూలికి పోయెను. సంఘపు స్త్రీలు 1990ల నడుమ దీనికొక ప్రతిక్రియ నాలోచించిరి. కేంద్రప్రభుత్వపు గ్రామీణాభివృద్ధి శాఖనుండి మొదటి పెట్టుబడి వచ్చినది. కావున ఇది మడికట్టుకొన్న జననిధి యని నేననను. కాని ఆ పెట్టుబడి నడచిన తీరు చూడదగినది. ప్రతి గ్రామమునను స్త్రీల కమిటీ యొకటి బీడుభూములను గుర్తించి, దున్నకమునకు, పెంటకు, విత్తనమునకు ఆయా వేళలలో విడతలుగా బదులిచ్చెను. పెంట తోలిన పిమ్మటనే తరువాతి విడత. ఆ బదులును రైతు రూపాయలలో తీర్చనక్కఱలేదు. అయిదేండ్లలో జొన్నలుగా తీర్చవలెను. ఆ జొన్నలు ఊరు దాటిపోవు. ఊరిలోనే, పేడతో అలికిన గుమ్ములలో, వేపాకు కలిపి నిలువ చేయుదురు. ఆషాఢశ్రావణములలో, పనులు లేక కుండలు వట్టిపోయిన దినములలో, వానిని ఊరి పేదలకు బజారుధరకంటె ఎంతో తక్కువకు అమ్ముదురు. వచ్చిన సొమ్ము మఱుసటి యేటి నిధి.

ఈ జొన్న లెవరికి పోవలెను? ఇందుకై ఊరివారే కూర్చొని, ఎవరికెంత భూమి, ఎవరింట పనిచేయు చేతులెన్ని, ఎవరి యిల్లు విధవ నడుపుచున్నది యని విచారించి, పేదలను తరగతులుగా ఏర్పఱచిరి. కడుపేదకు ఎక్కువ జొన్నలు, కొంచెము నయముగా నున్నవారికి తక్కువ. ఇప్పుడు మఱల పండితుల చిట్టా వద్దకు పోవుదము. లారెన్ బెర్లినర్, నోరా కెన్వర్తీ అను పరిశోధకురాండ్రు 2017లో వైద్యవ్యయములకై గోఫండ్‌మీ వేదికపై వచ్చిన రెండువందల విన్నపములను పరిశీలించిరి. వానిలో అత్యధికభాగము తాము కోరిన మొత్తమును చేరలేదు. ఎవరి రోగము లోకమునకు యోగ్యముగా తోచునో, ఎవరు తమ బాధను చక్కని కథగా చెప్పగలరో వారికి చందా పోవుననియు, చదువును పరిచయములును లేనివారు అక్కడను వెనుకబడుదురనియు వారి విచారము. మన ఫోనులలోను దినదినము ఇట్టి విన్నపములు వచ్చుచున్నవి: ఆస్పత్రి మంచముపై పసిబిడ్డ బొమ్మ, క్రింద చెల్లింపునకు నలుపుతెలుపుల చదరము. పంపిన బంధువెవరో చూచి గాని మనము వేలు కదపము. ఇక్కడ పేద తన పేదఱికమును కథగా అల్లుకొనవలెను. అక్కడ జహీరాబాదు పల్లెలో ఆమె నోరు విప్పనక్కఱలేదు, ఎదురింటివారు ఆమె కుండను ఎఱుగుదురు.

అక్షరదోషపు సంగతి జ్ఞాపకమున్నది గదా. వ్రాయనేర్వని ఈ స్త్రీలు కిక్‌స్టార్టరున విన్నపము పెట్టినచో ఏమగునో చెప్పుటకు పరిశోధన అక్కఱలేదు. వారి నమ్మకమునకు గుఱుతు అక్షరము కాదు, విత్తనము. తెలంగాణమున పూర్వము షావుకారుకడ తెచ్చుకొన్న గింజల అప్పునకు నాగు అని పేరు. పంట రాగానే ఆ గింజలకు పైగింజలు చేర్చి కొలిచి యీయవలసివచ్చెడిది, దానితో కల్లములోనే ఇల్లు ఖాళీ యయ్యెడిది. సంఘపు విత్తననిధిలోని నియమము పైకి అంతకంటె కఠినమైనది: సేరు విత్తనము తీసికొన్నవారు రెండు సేర్లు తిరిగి యీయవలెను. నూటికి నూఱు! ఏ బ్యాంకును ఇంత వడ్డీ అడుగుటకు సాహసింపదు. అయినను దీనిని ఎవరును వడ్డీ యనరు. షావుకారు గరిసెలో పడిన రెండవ సేరు మఱి కానరాదు. సంఘపు గంపలో పడిన రెండవ సేరు పొరుగింటామె చేనిలో మొలచును, వానలు వెనుకబడి తన విత్తనము మాడిపోయిన యేడు తిరిగి తన యొడికే వచ్చును. అంకె చేరు చోటును విడిచి అంకెను మాత్రమే చదివినవానికి ఈ రెండు వ్యవహారములును ఒక్కటిగనే కనబడును.

ఈ సంఘముల గుఱించి విద్వాంసులు వ్రాయలేదని నా అభిప్రాయము కాదు, ఎంతో వ్రాసిరి. 2008 అక్టోబరు 15న మాచునూరులో ప్రసారములు మొదలిడిన సంఘం రేడియో గుఱించియు, ఆహారస్వాధికారము, స్త్రీలు, చిఱుధాన్యములు అను శీర్షికల క్రిందను వ్యాసములున్నవి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారి ఈక్వేటర్ పురస్కారమును వచ్చినది. నేను చూచినంతలో జననిధిశాస్త్రపు వ్యాసములలో మాత్రము జొన్నల గుమ్మికి చోటు లేదు. ఆ శాస్త్రము దృష్టిలో నిధియనగా ధనము, ధనమనగా తెరపై పెరుగు అంకె. ప్రభుత్వ నియమములును ఆ అంకె చుట్టునే తిరుగుచున్నవి: సెబీ 2014లో వాటాల క్రౌడ్‌ఫండింగుపై చర్చాపత్రమును వెలువరించి అంతటితో ఊరకుండెను, రిజర్వు బ్యాంకు 2017లో వ్యక్తులు వ్యక్తులకు అప్పులిచ్చు వేదికలకు నిబంధనలు విధించెను. గంపలోని విత్తనమునకు నిబంధన విధించువారు లేరు. అది మంచిదే యని నా తలంపు.

గుమ్మిలోను దోషములు లేకపోలేదు. ఎదురింటివారు కుండను ఎఱుగుట ఎంత సత్యమో, ఎదురింటివారితో పగయుండుట అంత సత్యము. ఊరివారే పేదల పట్టిక వ్రాయునపుడు కులమును, కలహమును ఆ పట్టికలో దూరకుండ చూచుకొనుటకు నిత్యజాగరూకత కావలెను. తెలియని వానికి ముఖము చూడకయే ఇచ్చు దూరపుదాత ఈ యొక్క విషయమున ఊరికంటె నయము. మఱియు జొన్నల నిధి హైదరాబాదు ఆస్పత్రి బిల్లును తీర్పజాలదు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించిన సతీశ్ గారు 2023 మార్చిలో దివంగతులైరి. ఆ యేడే లోకమంతయు అంతర్జాతీయ చిఱుధాన్య సంవత్సరమును జరుపుకొనుచుండెను.

ప్రతి సంవత్సరము సంక్రాంతి వేళకు జహీరాబాదు ప్రాంతమున పాతపంటల జాతర బయలుదేరును. అలంకరించిన ఎడ్లబండ్లలో విత్తనములు నింపుకొని, పాటలు పాడుకొనుచు, ఊరినుండి ఊరికి నెలదినములు తిరుగుదురు. బండి నిలిచిన చోట గంపలు దింపి వరుసగా పెట్టుదురు: పచ్చజొన్న, తెల్లజొన్న, సామలు, కొఱ్ఱలు, అవిసెలు, ఉలవలు. మైకు లేకున్నను స్త్రీలు ఒక్కొక్క గంపపై చేయివైచి, ఇది ఏ నేలకు తగునో, ఎన్ని వానలకు నిలుచునో, వినవచ్చినవారికి చెప్పుదురు. విన్నవారిలో ఎవతెయో కొంగు చాచును. సేరు కొలిచి పోయుదురు. పుస్తకమున నెవరును వ్రాసికొనరు; పై యేడు రెండు సేర్లు రావలసియున్నదని గంప చుట్టును నిలిచిన వారందఱికిని తెలియును.